కళ్లాన్ని తప్పించిన గీత

మొన్న ఆమదాలవలస స్టేషను బయట ఒకామె గంపలో జీడిమామిడి పళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎండకు మగ్గిన ఆ పళ్ల వాసన, తియ్యగా, వగరుగా, కాస్త పులిసినట్టుగా ముక్కుకు తగిలేసరికి రైలు దిగి బయటకు వస్తున్నదాన్ని ఉన్నచోటే నిలబడిపోయాను. వెనక వస్తున్నవాళ్లు "తప్పుకోండి మేడం" అని విసుక్కున్నారు. వాళ్లకేం తెలుసు, నా కళ్లముందు తవిటమ్మ నిలబడి ఉందని!

తవిటమ్మ నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన పంతులమ్మా కాదు. సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఎనభై సెంట్ల నేల ఉన్న రైతు. అందులో సగం వరి మడి, సగం జీడితోట, మధ్యలో కళ్లం. నేను మంచినీటి పథకాల్లో ఇంజినీరుగా చేరిన తొలి ఏడాది ఆమె గడప ఎక్కాను. ఒడ్డునున్న మత్స్యకారుల పేటలో నూతులన్నీ ఉప్పుతేలిపోయాయి. అక్కడి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రెండు మైళ్లు నడిచి ఇవతలి ఊరి బోరు దగ్గరకు వచ్చేవారు. పేటకు గొట్టం వెయ్యాలంటే తవిటమ్మ నేల మీదుగానే దారి. ఆమె సరేనంటే వానలకు ముందే వాళ్లకు నీళ్లు. కాదంటే కాంట్రాక్టరు మనుషుల్నీ యంత్రాన్నీ తీసుకుని ఇంకో ఊరు పోతాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి.

పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, మా వైపు, కొత్తగా పుట్టిన బిడ్డను గుప్పెడు తవుడుకు ఎవరికో అమ్మినట్టు చేసి ఆ పేరు పెడతారు. ఆమె పేరు అలా వచ్చిందే. నేను వచ్చిన పని చెప్పగానే పకపకా నవ్వి, "నన్నంటే మా అమ్మ తవుడికి అమ్మీసినాది గానీ, నా బూమిని నాను తవుడికి ఇవ్వను. ముందే సెప్తన్నాను" అంది.

అప్పట్లో నాకు తొందర ఎక్కువ, పొగరు ఇంకా ఎక్కువ. పటం మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీసేశాను. మర్నాడు డబ్బాలో సున్నం పట్టుకుని ఆ గీతే నేల మీద పోసుకుంటూ పోయాను. గీత కళ్లం మీదకు ఎక్కింది. ఏటేటా పేడతో అలికి, తొక్కి తొక్కి రాయిలా చేసుకున్న నేల అది, కుప్ప నూర్చే చోటు. నేనేమో బూట్లతో దాని నడిమధ్యకు వెళ్లిపోయాను.

"ఓలమ్మో! ఆగాగు! కళ్లంలో జోళ్లేటి గుంటా? మీ ఇంటికాడ కంచంలో కాలెడతావేటి?"

ఊరంతా వినబడేలా అరిచింది. బూట్లు విప్పాను. నేల పెనంలా కాలుతోంది. అరికాళ్లు చురుక్కుమంటుంటే గంతులు వేస్తూ గట్టు మీద పడ్డాను. ఆమె నవ్వు ఆపుకుంటూ చెంబుతో నా కాళ్ల మీద నీళ్లు పోసింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత చదువు చదివింది ఈవిడ చేత తిట్లు తినడానికా అనుకున్నాను.

"తవ్వి మళ్లీ పూడ్చేస్తాం మామ్మా. ఎప్పట్లాగే ఉంటుంది" అన్నాను.

"పూడిస్తే గొయ్యి పూడతాది. కళ్లం అవుతాదేటి?" అంది.

రెండు రోజులకు అంగీకార పత్రం పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆమెకు చదువు రాదు. అరుగు మీద నా పక్కనే కూర్చుని "సదువు, ఇంటాను" అంది. వేలితో వరసలు చూపిస్తూ చదివాను. నాలుగో వరసలో ఉంది అసలు సంగతి. గొట్టం వెళ్లే పట్టీ మీద శాశ్వతంగా హక్కు ఉంటుందని, దాని మీద చెట్టు వెయ్యకూడదని, గోడ కట్టకూడదని. అది వింటే ఈవిడ ఒప్పుకోదని భయం వేసింది. గొంతు సవరించుకున్నట్టు నటించి, ఆ వరస దాటేసి ఐదో వరస అందుకున్నాను.

"ఆగు" అంది తవిటమ్మ. "నీ ఏలు కిందకి దిగిపోనాది, నోరు కదల్లేదు. మద్దిలో ఏటున్నాది?"

"ఏం లేదు మామ్మా, మామూలు ఆఫీసు మాటలు."

"మామూలుదయితే సదవడానికి నొప్పేటి?"

చదివాను.

"శాశ్వతంగా అంటే?"

"ఎప్పటికీ."

"నాను పోయినాక కూడానా?"

"అవును మామ్మా."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండును. నా మొహంలోకి చూసి, "నీలు ఇప్పించడానికి వచ్చినదానివి, నీకు అబద్దమెందుకే? మంచి పనికి దొంగదారేటి?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నా పాతికేళ్ల బతుకులో అంత చిన్నబోయింది లేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, నాలుగు రోజులు పోయాక రమ్మంది. ఇక అయిపోయింది, నా చేతులతో నేనే చెడగొట్టాను అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ నాలుగు రాత్రులూ కంటికి కునుకు లేదు.

ఐదో రోజు వెళ్లేసరికి అరుగు మీద నూకమ్మ ఉంది. పేట నుంచి రోజూ ఈ ఊరికి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి, పక్కన ఖాళీ తట్ట. తవిటమ్మ మమ్మల్నిద్దరినీ పొలంలోకి నడిపించింది. చూద్దును కదా, వెదురు పుల్లలకు పాత చీరపేలికలు కట్టి వరసగా పాతి ఉన్నాయి! ఆ వరస తిన్నగా వచ్చి, కళ్లం దగ్గర పక్కకు తిరిగి, జీడితోటలోంచి అవతలికి పోయింది. దారిలో మూడు చెట్లు, మూడూ విరగకాసినవే.

"మామ్మా, కళ్లం మీదుగా అయితే ఒక్క చెట్టూ పోదు కదా" అన్నాను.

నూకమ్మ కూడా ఆమె చెయ్యి పట్టేసుకుంది. "ఒద్దత్తా, కాసే సెట్లు కొట్టించీకు. ఇన్నాళ్లు నడిసినాం, ఇంకా నడుస్తాం."

"నువ్వూరుకోయే" అని కసిరి, తవిటమ్మ నా వైపు తిరిగింది. "ఇను గుంటా. కళ్లం పేరుకే నాది. అందల నాలుగిళ్లోలు కుప్పలేసుకుంటారు. సెట్లు నావి, నా సేత్తో ఏసినాను. ఇస్తే నాదివ్వాల. నలుగురిదీ తీసి ఇచ్చీసి నాను గొప్పదాన్నయిపోతానేటి?"

అరుగు మీదకు వచ్చి పత్రం తీశాను. ఎప్పుడు తవ్వినా ముందుగా కబురు చెప్పాలని, తవ్వినచోట మళ్లీ సాపు చెయ్యాలని ఆమె చెప్పింది, నేను రాశాను. మొత్తం మళ్లీ చదివించుకుంది. ఈసారి ఆమె కళ్లు నా వేలి మీదే. నాలుగో వరస రాగానే "ఊఁ" కొట్టింది. ఆఖర్న వేలిముద్ర వేసింది. చెట్లు కొట్టే రోజు ఒక్కొక్కదానికీ పసుపు రాసి, మొదలు మీద అరచెయ్యి పెట్టి "కాసింది సాలు తల్లీ" అంది. అప్పుడు మాత్రం కళ్లొత్తుకుంది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

గీత వంకర తిరిగినందుకు గొట్టాలు ఎక్కువయ్యాయని ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. పై అధికారికి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. ఎలాగైతేనేం, వానలకు ముందే పేటలో కుళాయి తిప్పాం. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. నూకమ్మ దోసిలి పట్టి తాగి, "ఓలప్పో, ఉప్పేదే? సప్పగున్నాయేటే!" అంది. పేటంతా గొల్లుమంది. తవిటమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

తవిటమ్మ పోయి రెండేళ్లయింది. రామతీర్థం దాకా ఎన్నో ఊళ్లలో గొట్టాలు వేయించాను. ప్రతి చోటా కాగితం నేనే పైకి చదువుతాను, నా కింద పనిచేసేవాళ్లకు అప్పగించను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు పొమ్మంటారు. పొమ్మన్నచోట ఇంకో దారి వెతుకుతాం, ఇన్నేళ్లలో ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంది.

పోయిన వారం ఎచ్చెర్ల అవతల ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చుని చదివాను. "శాశ్వతంగా" అన్న మాట దగ్గర ఆయన చెయ్యి ఎత్తితే ఆగి, మళ్లీ చదివాను. "మంగళారం రామ్మా, ఆలోసించి సెప్తాను" అన్నాడు. సరేనని వచ్చి జీపెక్కాను.

"సంతకం అయిందా మేడం?" అన్నాడు డ్రైవరు.

"లేదు. మొత్తం చదివాను" అన్నాను.