నేల కొట్టిన కర్ర

కొంటాలో బస్సెక్కిన ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో దుప్పటి చుట్టిన వేటకుక్క, చేతిలో కర్ర. కుక్క మూతి వాచిపోయి ఉంది.

"ఏమైంది తాతా?"

"పాము కరిసింది బిడ్డా. ఎప్పుడైనా నేనే ముంగట కర్రతోని నేల కొట్టుకుంట నడుస్త. సప్పుడుకు పాములు తప్పుకుంటయి. ఇయ్యాల అడవిల పంది జాడ కనబడ్డది. సప్పుడైతే ఉరుకుతదని, కర్ర సంకల పెట్టి దీన్ని ముంగట ఇడిసిన."

సుక్మాలో పశువుల దవాఖానకు తీసుకెళ్తున్నాడట. సగం దారిలోనే దుప్పటి కదలడం ఆగిపోయింది. ఆయన బస్సు ఆపించి దిగాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కుక్కను రోడ్డు పక్క గడ్డిలో పడుకోబెట్టబోయి ఆగాడు. భుజానికెత్తుకుని, కర్రతో ఆ గడ్డంతా గట్టిగా కొట్టాడు.

ఆ తర్వాతే దాన్ని కిందికి దించాడు.