అటక నిచ్చెనకి వేసిన నల్ల స్క్రూలు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కూర్చుంటే కూర్చోనివ్వదు, పని చేస్తుంటే చేయనివ్వదు. పేరు చెప్పను. అరకు దగ్గర కొండల్లో వడ్రంగం చేసుకునేవాణ్ణి అనుకోండి, చాలు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎంత పిరికితనమో చూశారా?

పక్క ఊళ్లో సోమన్న మావ ఉన్నాడు. చుట్టరికం లేదు, పెద్దవాడని మావా అంటాను. పెరట్లో కాపు మీదున్న పనసచెట్టు కొట్టి, కోయించి, ఆ చెక్క తెచ్చి నా ముందు వేశాడు. రాగులూ మిరియాలూ దాచుకునే అటక ఎక్కడానికి నిచ్చెన కావాలి. ఆయన భార్య సుక్కమ్మ రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతుంది, గట్టిగా ఉండాలన్నాడు. స్క్రూలు నువ్వే చూసి వెయ్యమన్నాడు. నమ్మి అన్నాడు.

పనసచెక్కకి ఏ స్క్రూ వెయ్యాలో నాకు తెలియదా? తల కింద నున్నగా, లావుగా ఉండే చెక్కపని స్క్రూ వెయ్యాలి. ముందు సన్నగా బెజ్జం పెట్టుకుని, స్క్రూ మరకి సబ్బు రాసి, మణికట్టు నొప్పి పుట్టేదాకా తిప్పాలి. ధర కాస్త ఎక్కువే, కానీ ఒకసారి పట్టిందంటే మనిషి బరువు కాస్తుంది. నా సంచిలో ఉన్నవి అవి కావు. టూరిస్టు కాటేజీలో సీలింగు బోర్డు కొట్టగా మిగిలిన నల్ల స్క్రూలు. సన్నవి, మొన వాడివి, మిషను పెడితే సర్రున దిగిపోతాయి. బోర్డుకైతే బంగారంలాంటివే. బరువు పడితే మాత్రం వంగను కూడా వంగవు, పుటుక్కున తలలు తెగుతాయి. కొట్టువాడు చెప్పనే చెప్పాడు. నా చేతిలోనే రెండు తెగాయి కూడా.

అయినా అవే వేశాను. మంచివి కావాలంటే సంతరోజు దాకా ఆగాలి. కాటేజీలో ఇంకో పని నా కోసం ఆగి ఉంది, మధ్యాహ్నం జీపు అందుకోవాలి. తలల మీద పుట్టీ రాసేస్తే ఏం వేశానో దేవుడికి కూడా కనపడదనుకున్నాను. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని, నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ వానాకాలం దాటలేదు. సుక్కమ్మ రాగుల బుట్టతో ఎక్కుతుంటే నాలుగో మెట్టు ఊడిపోయింది. తుంటి విరిగింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్లారు. మర్నాడు పొద్దున నన్ను పిలిస్తే వెళ్లాను. చెక్క చెక్కలాగే ఉంది, చిన్న చీలిక కూడా లేదు. స్క్రూల తలలు నాలుగూ నేల మీద పడి ఉన్నాయి. ఎవరూ చూడకముందే ఏరి జేబులో వేసుకున్నాను. అప్పుడే వెనక నుంచి సోమన్న మావ వచ్చాడు.

"మేస్త్రీ, సెక్క బాగుందా?"

"బాగానే ఉంది మావా."

"మరేటి జరిగినాది? కాపు సెట్టుని కొట్టేముందు దాని మొదట్లో బియ్యం ఎయ్యాల, కోడినియ్యాల, సెట్టుకి సెప్పుకోవాల. వానొచ్చీసేలాగుందని బేగి కొట్టీసేను. అందుకేనేటి?"

చెట్టుకి కోపం వస్తుందని నేను నమ్మను. ఆయన నమ్ముతాడని మాత్రం తెలుసు. జేబులో చెయ్యి పెట్టుకునే అన్నాను:

"అయ్యుండొచ్చు మావా."

రెండే మాటలు. ఊళ్లో మంచిరోజులు చూసే దిశారి కూడా అదే అన్నాడు, ఊరంతా అదే అంది. సుక్కమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. కాఫీ పళ్లు ఏరడానికి తోటకి పోలేకపోతోంది. నీ తొందరే నా కాలు తీసిందని మొగుణ్ణి దెప్పుతుంది. నేను అక్కడే ఉంటాను, తేలు కుట్టిన దొంగలా.

తర్వాత మంచి స్క్రూలు కొని, సబ్బు రాసి, నిచ్చెన మళ్లీ బిగించాను. కూలి వద్దన్నాను. మేస్త్రీది ఎంత మంచి మనసో అన్నారు. ఇప్పుడు కొట్టుకి వెళితే ప్రతి రకంలో ఒక స్క్రూ తీసి పట్టకారుతో వంచి చూస్తాను. వంగితేనే కొంటాను. జాగ్రత్త గల మనిషి అంటారు. జాగ్రత్తా అది? భయం.

అసలు భరించలేనిది వేరే ఉంది. ఏటా పంట ఇంటికొచ్చాక సోమన్న మావ ఆ పనస మోడు దగ్గర కోడిని కోసి, తప్పు కాయమని చెట్టుకి దండం పెడతాడు. నన్ను పిలుస్తాడు. ఆకులో మొదటి ముక్క నాకే వేస్తాడు. బలిచ్చింది తినకూడదని మా చర్చిలో చెప్తారు. అయినా తింటాను. వద్దంటే ఎందుకని అడుగుతాడేమోనని తింటాను. నా తప్పుకి ఆయన దండం పెడుతుంటే, పక్కన కూర్చుని అన్నం కలుపుకునే నన్ను ఏమనాలి?

మొదట్లో పని పోతుందని చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారని చెప్పలేదు. ఇప్పుడు ఆయనకి డెబ్బై దాటాయి. ఒక్క మాట చెప్తే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య ఉన్న కలత తొలగిపోతుందని తెలుసు. తెలిసీ నోరు పెగలదు.

ఎల్లుండి రమ్మని ఈ ఏడూ కబురొచ్చింది. వెళ్లి చెప్తానో, తినేసి వచ్చేస్తానో నాకే తెలియదు. మీరు క్షమించాలని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. సోమన్న మావ ఏ తప్పూ చేయలేదు. ఆ చెట్టుకి కోపం రాలేదు. సుక్కమ్మ కాలు తీసింది నేను.