హంతకుడి కోసం రాచర్ల ప్రయాణం

మంచి మిస్టరీ సీరియల్ ఏదో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే. హంతకుడు మొదటి వారంలోనే మన కళ్ళ ముందు తిరిగాడా లేదా? ఆఖరి రోజు ఎక్కణ్ణుంచో కొత్త మనిషిని పట్టుకొచ్చి వీడే చంపాడంటే ఆ సీరియల్ నా లెక్కలో లేదు. హాస్యం దగ్గరైతే ఇంకా మొండిదాన్ని. వెనకనుంచి రికార్డు చేసిన నవ్వులు వినిపిస్తే టీవీ కట్టేస్తాను. ఒకరి చెంపలు ఒకరు వాయించుకున్నా కట్టేస్తాను. కారే కుళాయిని బాగు చేయించడానికి ఒక సంసారం వారమంతా పడే తిప్పలు చూపిస్తే మాత్రం పొయ్యి మీద పాలు పొంగినా లేవను. ఈ అభిప్రాయాల్లో హాస్యం సంగతి నాది. మిస్టరీల సంగతి మా అత్తగారిది.

రాష్ట్రం రెండైన కొత్తల్లో నేను మార్కాపురం నుంచి గిద్దలూరుకు కోడలిగా వచ్చాను. మామగారికి బజారులో బట్టల దుకాణం. ఆయనా మా ఆయనా పొద్దున పోతే మధ్యాహ్నం అన్నానికి ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోయేవారు. సాయంత్రం ఇంటికి చేరాక టీవీ వాళ్ళది. రాజధాని ఎక్కడ కడతారు, మార్కాపురం జిల్లా అవుతుందా కాదా, ఏ ఛానల్ పెట్టినా అదే వాదన. వింటూనే అన్నాలు తినేవారు. మధ్యాహ్నం పూట మాత్రం టీవీ ఆడవాళ్ళది.

మా అత్తగారిది వెలిగండ్ల వైపు పల్లె. కోపిష్ఠి కాదు, గయ్యాళి అసలే కాదు. మాటలే లేవు. "ఉప్పు చూడు", "తలుపెయ్యి", "బట్టలు ఆరినాయేమో చూడు." వచ్చిన కొత్తలో మా ఇద్దరి మధ్య అంతకు మించి సంభాషణ నడిచింది లేదు. నా మీద ఏదో మనసులో పెట్టుకుందేమోనని భయపడుతూ తిరిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆమె టీవీ ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను ఆ పక్కనే బట్టలు మడత పెడుతున్నాను. సీరియల్‌లో పెద్ద బంగళా, ఆ బంగళా యజమాని పాలు తాగి పడుకుని మళ్ళీ లేవలేదు. పాలలో విషం. ఇంట్లో ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు, ముసలాయనకు మందులిచ్చే నర్సు, వచ్చిపోయే డాక్టరు. పోలీసాయన వీళ్ళందరి చుట్టూ తిరుగుతున్నాడు. నర్సు మెట్లు దిగుతుంటే అత్తగారు తలెత్తకుండానే అన్నది:

"ఆ పిల్ల కాదు."

నాతోనే అన్నదా అని చుట్టూ చూశాను. ఇంకెవరూ లేరు.

"ఎట్ల చెప్తారత్తమ్మా?"

"ఆ పిల్ల కనపడినప్పుడల్లా డబడబా వాయిస్తన్నారు గదా. మనకు అనుమానం రావాలని. నిజంగా చంపినోళ్ళకు ఎందుకు వాయిస్తారు?"

"మరి ఎవరు?"

"పెద్ద కోడలు. తాళాలు ఆమె కాడ, వంటిల్లు ఆమె చేతిలో. ముసలాయన ఏం తింటాడో, ఎప్పుడు తాగుతాడో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది? ఆ పోలీసాయన అందర్నీ అడిగినాడు. ఇంట్లో అన్నం పెట్టే మనిషిని ఒక్క మాట అడిగినాడా చూడు."

అంతసేపు ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. నేను మడతపెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడతపెట్టాను, ఆమె ఇంకేమైనా అంటుందేమోనని.

అప్పట్నుంచి మధ్యాహ్నం కోసం ఎదురుచూడటం మొదలైంది. పనులు తొందరగా తెమిల్చేదాన్ని. ఆమె కథను నమ్మేది కాదు, ఇంటిని నమ్మేది. ఆ బంగళాలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, పాల గ్లాసు ఎవరు కడిగారో, చావు జరిగిన ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలిగించారో, అవే చూసేది. సీరియల్ అయ్యేసరికి వేరే ఛానల్లో నాకు ఇష్టమైన హాస్యం మొదలయ్యేది. ఒకే గోడ పంచుకున్న ఇంటి ఓనరూ, అద్దెకున్నాయనా. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆమె లేచి లోపలికి పోయేది.

"మీకు నవ్వు రాదా అత్తమ్మా?" అని ఒకసారి అడిగాను.

"వచ్చేది. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో ఒకసారి నవ్వితే దుకాణం దాకా వినపడిందంట. మా అత్త చెప్పింది, ఇట్ల అయితే కాదని. ఇంక అలవాటు పోయింది" అన్నది, ఏదో ఊరు పేరు చెప్పినట్టు.

సీరియల్ ఆఖరి భాగం వచ్చే రోజున మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎండాకాలం. లైన్‌మ్యాన్ వచ్చి చూసి, సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దని చెప్పి పోయాడు. అత్తగారు విసనకర్రతో విసురుకుంటూ నల్లగా ఉన్న టీవీని కాసేపు చూసింది. తర్వాత లేచి కొంగు దోపుకుని, మధ్యాహ్నానికి వండాల్సిన అన్నం అప్పుడే వండి క్యారియర్‌లో సర్దింది.

"చీర మార్చుకో. రాచర్లకు పోదాం" అన్నది.

రాచర్లలో ఆమె చెల్లెలు ఉంది. పండగకో పురుడుకో తప్ప అక్కడికి పోయింది లేదు. దారిలో దుకాణం మెట్లెక్కి క్యారియర్ బల్ల మీద పెట్టింది. మామగారు చీర విప్పి చూపిస్తున్నవారల్లా ఆగిపోయారు.

"ఏంది, ఇట్ల వచ్చినావు?"

"రాచర్లకు పోతన్నాము. చెల్లెలింటికి."

"ఏమైంది ఆమెకు?"

"ఏం కాలేదు. సీరియల్ ఈ రోజుతో అయిపోతాది. మనింట్లో కరెంటు లేదు. ఎవరు చంపినారో చూసొస్తాము."

ఏదో సాకు చెబుతుందనుకున్న నేను తల దించుకున్నాను. మామగారు చేతిలో చీరను అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. చీర కొనడానికి వచ్చినావిడ మాత్రం "ఆ డాక్టరే అక్కా, నాకు మొదట్నుంచీ డౌటు" అన్నది. మేం ఆటో ఎక్కేశాం.

సగం దారిలో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. ఆటో ఆగింది. గొర్రెలకు తొందరేమీ లేదు. అత్తగారు కాసేపు ఓర్చుకుని, తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది.

"ఓ నాయనా! రవంత పక్కకు తోలయ్యా, కథ అయిపోతాది!"

"ఏం కథమ్మా?" అన్నాడు గొర్రెలాయన, కర్ర భుజాన వేసుకుని, తీరిగ్గా.

ఆటోలో ఉన్నవాళ్ళూ అదే అడిగారు. ఇంక చూడండి, మాటలు రాని మా అత్తగారు బంగళా, పాలు, తాళాలు, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. మంద దాటి ఆటో కదిలినా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మూట ఒళ్ళో పెట్టుకున్న ముసలామె చిన్న కొడుకే అని పంతం పట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి "ఆస్తి ఎవరికి రాసినాడు పెద్దమ్మా?" అని అడిగితే అందరం కలిసి రోడ్డు చూడమని కేకలేశాం.

రాచర్లలో దిగి దాదాపు పరిగెత్తాం. చిన్నత్త ఇంట్లో టీవీ మోగుతోంది. అద్దెకున్నాయన కుళాయికి గుడ్డ కడుతున్నాడు. చిన్నత్త హాస్యం తప్ప ఇంకేదీ చూడని మనిషి. "ఏందక్కా, ఏమైంది?" అని ఆమె కంగారుపడుతుండగానే అత్తగారు రిమోట్ తీసుకుని ఛానల్ మార్చింది. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. అయిపోయింది.

చిన్నత్త మంచినీళ్ళు తెచ్చి, విషయం తెలుసుకుని, ఏం చేయాలో తోచక మళ్ళీ హాస్యమే పెట్టింది. అక్కడ కుళాయి గుడ్డతో సహా ఊడి వచ్చి, ఓనరు మొహాన నీళ్ళు చిమ్మింది. అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగు జారిపోయింది.

"దుకాణంలో... అందరి ముందర... చెప్పి వచ్చినాను గదే!" అంటూ కళ్ళు తుడుచుకుంది. "గొర్రెల కాడ అరిచినాను గూడా!"

ఆ నవ్వు విని పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది. ఆమె సీరియల్ చూసిందట. చెప్పబోతుంటే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు, నేను చెప్తా. పెద్ద కోడలు."

"కాదక్కా. నర్సు. ముసలాయన మీద పాత పగ అంట. ఆఖర్న పోలీసాయనే అన్నీ చెప్పినాడు."

అత్తగారి మొహంలో నవ్వు పోయింది. "అయితే అది మంచి కథ కాదులే. రాసినాయనకు ఇల్లంటే తెలీదు" అన్నది. కాఫీ తాగి, చెల్లెలు పెట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసా ఒళ్ళో పెట్టుకుని తిరుగు ఆటో ఎక్కింది. అప్పటికి నేను ఆమెను "నువ్వు" అనడం మొదలుపెట్టానట. నాకు తెలియలేదు, తర్వాత ఎప్పుడో ఆమే చెప్పింది.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. మామగారు కంచం ముందు కూర్చుని, అలవాటుగా వార్తలు పెట్టి, టీవీ గొంతు పూర్తిగా తగ్గించారు.

"ఇంతకూ ఎవరంట?"

అత్తగారు అన్నం వడ్డిస్తూ నర్సు సంగతి ఒక్క మాటలో చెప్పేసి, అది ఎందుకు కుదరదో చెప్పడం మొదలుపెట్టింది. తాళాలు, పాల గ్లాసు, వంటింటి వెనక తలుపు. మామగారు మధ్యలో ఒక ప్రశ్న వేశారు, మా ఆయన ఇంకోటి వేశాడు. టీవీలో ఎవరో రాజధాని గురించి చేతులు ఊపుతున్నారు, మాట వినపడకుండా. తండ్రీకొడుకులు మజ్జిగ దాకా వచ్చేసరికి పెద్ద కోడలే చంపిందని ఒప్పుకున్నారు.

ఇప్పుడు మిస్టరీలు ఫోన్లోకి వచ్చేశాయి. మా అమ్మాయి పేర్లు చెబుతుంది, ఒకే ఊపులో అన్ని భాగాలూ చూసేస్తుంది. నేనూ చూస్తాను. బాగుంటాయి, కెమెరా బాగా తీస్తారు. కానీ హంతకుడు దొరికాక దాని గురించి ఆటోలో పోట్లాడుకునేవాళ్ళు ఉండరు.

రాచర్ల పోయొచ్చిన కొన్నేళ్ళకు అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా టీవీ చూడొద్దన్నారు. మధ్యాహ్నం పూట వచ్చి నా పక్కనే కూర్చునేది. అప్పటికి ఆమెకూ హాస్యం అలవాటైంది.

"ఏం చేస్తన్నాడు? చెప్పు" అని అడిగేది.

చెబుదామని నోరు తెరిచేదాన్ని. తెర మీద మనిషి అవస్థ చూసి నవ్వు ముంచుకొచ్చి మాట పూర్తయ్యేది కాదు.

"చెప్పవే, ఏమైంది?" అని నా మోకాలి మీద కొట్టేది. నేను ఇంకా నవ్వేదాన్ని. ఏం జరిగిందో తెలియకుండానే, కంటి మీద కట్టుతో, ఆమె నాకంటే గట్టిగా పగలబడి నవ్వేసేది.