బానెట్టు మీది బొట్టు

గ్రేసమ్మ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవక ఎనిమిది నెలలైంది. పికప్ బండి పైకప్పు కడగాలంటే ఇప్పుడు స్టూలు ఎక్కుతుంది. నారాయణఖేడ్‌లో కంగ్టి రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, ఒక బోరు, ఒక ప్రెషర్ పంపు. అదే ఆమె వాటర్ సర్వీసింగ్. ట్రాక్టర్లు, ఆటోలు, పికప్‌లు కలిపి రోజుకు పది దాకా వస్తాయి. నడుము దెబ్బతిన్న భర్త గిద్యోను స్విచ్ బోర్డు పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఆమె ఒకసారి అరిస్తే మోటారు వేస్తాడు, ఇంకోసారి అరిస్తే ఆపుతాడు.

ఇద్దరిదీ సిర్గాపూర్ పక్క పల్లె. వానలు పడని ఏడు హైదరాబాద్ పోయి, అడ్డా కూలీలుగా మొదలై, చివరికి ఒక బండ్ల షోరూం యార్డులో కుదిరారు. కొన్నవాళ్లకు అప్పగించే ముందు కొత్త బండ్లు కడగడం గ్రేసమ్మ పని. పదకొండేళ్లు అదే చేసింది. పెయింటు గురించి ఆమెకు తెలిసిందంతా అక్కడ సూపర్‌వైజరు చేత తిట్లు తిని నేర్చుకున్నదే. ఆ పనితోనే తిరిగొచ్చి ఈ షెడ్డు పెట్టింది.

ఆ బుధవారం మిట్టమధ్యాహ్నం మనూర్ నుంచి నగేష్ వచ్చాడు. తెల్ల పికప్, కొని నెల కూడా కాలేదు. పక్క సీట్లో తల్లి బసమ్మ. బానెట్టు నడుమ అరచెయ్యంత ఎర్రటి మరక, దాని చుట్టూ సన్నటి గీతలు.

"ఏం పెట్టి రుద్దినవ్ రా?" అంది గ్రేసమ్మ.

"గిన్నెల పీచు, పెద్దమ్మా."

"దానికంటె ముందు?"

"డీజిల్ గుడ్డ. మెరుస్తదంటె రోజూ తుడిచిన."

"మెరుస్తది, గంట సేపు. ఆ తర్వాత రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంటది."

మరక సంగతి నగేషే చెప్పాడు. బండి పూజ నాడు బసమ్మ కుంకుమను నూనెలో కలిపి పెద్ద బొట్టు పెట్టింది. మూడు సోమవారాలు దాటేదాకా తుడవొద్దంది. అతను బండి కడిగినప్పుడల్లా బొట్టు చుట్టూ కడిగి దాన్ని వదిలేశాడు. మూడు వారాల ఎండకు నూనె, రంగు కలిసి పెయింటుకు పట్టేశాయి.

మర్నాడు సంగారెడ్డిలో ఒక పాల కంపెనీవాళ్లు బండ్లు చూసి, ఏడాది కాంట్రాక్టుకు నాలుగింటిని తీసుకుంటారట. మరకలున్న బండి తేవొద్దని ముందే చెప్పారట. అది దొరక్కపోతే నగేష్ మళ్లీ హైదరాబాద్ పోయి ఇంకొకరి బండి నడపాల్సిందే. నిరుడంతా అతను చేసింది అదే.

గ్రేసమ్మ బండిని నీడలోకి పెట్టించి, బానెట్టు మీద చెయ్యి ఆనించి చూసి, పోయి గడప మీద కూర్చుంది.

"జల్దీ కానియ్ పెద్దమ్మా."

"కాలే రేకు మీద నీళ్లు పోస్తే అక్కడికక్కడే ఎండి, బోరు ఉప్పు చుక్కలు చుక్కలుగ నిలుస్తది. ఉన్న మరక సాలదా?"

రేకు చల్లబడ్డాక ముందు వట్టి నీళ్లతో దుమ్ము దించింది. రెండు బకెట్లు పెట్టుకుంది. ఒకదాంట్లో బండ్ల షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్లు. గుడ్డను షాంపూలో ముంచి ఒక చోట తుడవడం, ఆ గుడ్డను మంచినీళ్లలో జాడించి ఇసుక వదిలించడం, మళ్లీ షాంపూలో ముంచడం. పైనుంచి కిందికి. చక్రాలకు గుడ్డ వేరే. బట్టల సర్ఫు ఆమె షెడ్డులోకే రానివ్వదు.

తడి ఆరాక పాలిష్ ముద్ద మెత్తటి గుడ్డకు రాసి మరక దగ్గర మొదలుపెట్టింది. కుడి చెయ్యి మొరాయిస్తే ఎడమ చెయ్యి, అది నొప్పి పెడితే మళ్లీ కుడి. గంట గడిచింది. గీతలు చెరిగిపోయాయి. ఎర్రటి మరక లేత గులాబీకి తిరిగింది. అంతకు మించి కదల్లేదు. గుడ్డ తిప్పి చూసి చెయ్యి ఆపేసింది.

"ఇంకొంచెం రుద్దు, పోతది," అన్నాడు నగేష్.

"పోయేది మరక కాదురా, పెయింటు. గీ గుడ్డ చూడు, తెల్లగ లేదా? ఇంకా రుద్దితే లోపలి బూడిద రంగు తేలుతది. అప్పుడేం చూపెడతవ్ వాళ్లకు?"

"ఇటియ్యి, నేను రుద్దుత."

గ్రేసమ్మ గుడ్డను బకెట్లో పడేసింది.

కుర్చీలోంచి గిద్యోను కేకేశాడు. "మోటారు ఆపాల్నా, ఉంచాల్నా?"

"నువ్వే ఆపి గంటన్నరైంది!" అంది గ్రేసమ్మ.

బసమ్మ బండి దిగి వచ్చింది. "కుంకుమ పెడితే పాడయ్యే పెయింటు ఏం పెయింటు? కంపెనోడిదే తప్పు."

"పసుపుతోని చేసిన కుంకుమైతే ఎండకే పోతుండె. గిది అంగట్ల దొరికే రంగు పొడి. దానికి నూనె తోడిచ్చింది నువ్వే."

బసమ్మ మరక మీదికి వంగి చూసింది. "దాని మీదనే మళ్ల బొట్టు పెడితే? దేవుని బొట్టును ఎవడు వద్దంటడు?"

నగేష్ తల పట్టుకున్నాడు. గ్రేసమ్మ మాత్రం ఆలోచించింది. రుద్దేది ఇంకేమీ లేదు, పొద్దు వాలుతోంది.

"పెట్టు. కాని ముందు మైనం పూస్త. పెయింటుకు రంగు తగలకుండ అడ్డముంటది. బొట్టు నీళ్లతోని కలుపు. రేపు వాళ్లు చూసుడు కాంగనే తుడిచెయ్యాలె."

"నూనె లేకుంటె బొట్టు నిలుస్తదా?"

"నిలవద్దనే చెప్తున్న."

"మీ మతంల బొట్టే లేదు, నువ్వు నాకు నేర్పుతవా?"

"బొట్టు నీకెరుక, బానెట్టు నాకెరుక."

బసమ్మకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. గ్రేసమ్మ మైనం పలచగా పూసి, తెల్లగా పొర కట్టాక తుడిచింది. బసమ్మ నీళ్లతో కలిపిన కుంకుమతో గులాబీ మరక కనపడకుండా గుండ్రంగా బొట్టు దిద్దింది.

మర్నాడు మధ్యాహ్నం నగేష్ ఫోన్ చేశాడు. నాలుగు బండ్లలో అతనిదీ ఉంది.

"బొట్టు చూసి ఏమన్నరు?"

"దాని దిక్కే చూడలె పెద్దమ్మా. టైర్లు చూసిన్రు, కాగితాలు చూసిన్రు, వెనక తలుపు తీసి వాసన చూసిన్రు. అంతే."

గ్రేసమ్మ ఫోన్‌ను ఎడమ చేతిలోకి మార్చుకుంది. పొద్దున లేచి జడ వేసుకోవడానికి కూడా ఆమె కుడి చెయ్యి లేవలేదు.

"సరే. ఇప్పుడే తుడిచెయ్. తడి గుడ్డ. రుద్దకు, అద్దు."

"ఇంటికి పోయినంక..."

"ఇప్పుడే. నేను ఫోన్ల ఉంట."

తలుపు చప్పుడు, సీసా మూత తీసిన చప్పుడు వినిపించాయి. అతని వెంట పోయిన బసమ్మ దూరం నుంచి ఏదో అంటోంది, నగేష్ ఆమెకు ఏదో సర్దిచెబుతున్నాడు.

"వచ్చేసింది పెద్దమ్మా. గుడ్డకే వచ్చింది మొత్తం."

"కింద పాత మరక?"

"ఉంది. లేతగ."

"ఉండనీ," అంది గ్రేసమ్మ. "మూడు నెలలకోసారి మైనం పూసుకో. ఎట్ల పుయ్యాల్నో ఒకసారి వచ్చి చూసుకొని పో. నా చెయ్యి ఇగ లేవదు."