ఫ్లోరెన్స్ అనుమానించిన ప్లేట్లు

దువ్వాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఫ్లోరెన్స్ పద్దెనిమిదేళ్ళుగా టెక్నీషియన్. రోగి పుండులోని బాక్టీరియాను ప్లేటులో, మందు అద్దిన కాగితపు బిళ్ళల చుట్టూ పెంచి, ఏ మందుకు చస్తుందో తేల్చడం ఆమె పని. తన కళ్ళతో చూడనిదే ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టదు.

ఆ వారం వరసగా ముగ్గురికి జెంటామైసిన్ అనే మందు పనిచేయదని వచ్చింది. మూడో మనిషి శివరామకృష్ణ, కొలిమి దగ్గర కాలు కాలిన కార్మికుడు. రిపోర్టు చూసి డాక్టరు కిడ్నీలకు మరింత ప్రమాదమున్న మందుకు మారారు.

ఫ్లోరెన్స్‌కు నమ్మబుద్ధి కాలేదు. పరీక్ష సరిచూసుకోవడానికి ఫ్రిజ్‌లో దాచే బాక్టీరియాను తీసి అదే రకం ప్లేటులో పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ మందుకు చచ్చేది, మర్నాటికి చావలేదు.

ఫ్రిజ్ బయట ఉంటే మందు బిళ్ళలు పాడవుతాయి. వాటిని చూసుకునే, నెల కిందట చేరిన నాగవంశీని పిలిచింది.

"మందు బిళ్ళలు బయటొదిలీసావేటి?"

"లేదు మేడమ్, ఫ్రిజ్‌లోనే ఎట్టినాను. నా మీద అనుమానమేటి?"

అందరి ముందూ అతని డ్రాయరు తెరిపించింది. ఏమీ దొరకలేదు. కొత్త బిళ్ళలు తెప్పించినా ఫలితం మారలేదు. అప్పుడు పోషకాల పొడి నీళ్ళలో కలిపి ప్లేట్లు పోసే జోగమ్మను నిలదీసింది.

"నీళ్ళెక్కడివి?"

"డిస్టిల్డ్ నీల్ల మిసను సెడిపోనాది కదమ్మా. బోరు నీల్లు కలిపీసినాను. మరగబెట్టినాను, ఇంకేటి మిగుల్తాది?"

మిగిలేవి ఖనిజాలు. ఆ బోరు నీళ్ళలో మెగ్నీషియం, కాల్షియం దండిగా ఉన్నాయి. ఈ బాక్టీరియా పైపొరను బిగించి పట్టి ఉంచేవి అవే. వాటిని తప్పిస్తేనే జెంటామైసిన్ లోపలికి పోగలదు. అవి ఎక్కువైన ప్లేటులో పొర సడలలేదు, మందు బయటే ఆగిపోయింది.

అయినా ఫ్లోరెన్స్ జోగమ్మ మాట మీద వదిలేయలేదు. డిస్టిల్డ్ నీళ్ళ క్యాను కొని తెచ్చి, తన చేత్తో రెండు రకాల ప్లేట్లూ పోసింది. శివరామకృష్ణ పుండు బాక్టీరియాను రెంటిలోనూ వేసింది. మర్నాడు ఉదయం బోరు నీళ్ళ ప్లేటు నిండా బాక్టీరియా. రెండోదానిలో బిళ్ళ చుట్టూ వెడల్పుగా ఖాళీ.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. మిగతా ఇద్దరి పరీక్షలూ మళ్ళీ చేసింది. డాక్టరు తిరిగి జెంటామైసిన్‌కే మారారు, దానితోనే శివరామకృష్ణ పుండు మానింది.

"తప్పు నాదే, నాగవంశీ" అంది ఫ్లోరెన్స్.

"పర్లేదు మేడమ్."

కానీ అప్పటి నుంచి అతను ప్రతి బిళ్ళల డబ్బానూ ఆమెను పిలిచి, ఆమె చూస్తుండగానే తెరుస్తున్నాడు. వద్దనడానికి ఆమెకు నోరు రావడం లేదు.