సలోమమ్మ, నా పదకొండు కోడిపిల్లలు

మొన్న నందిగామ బస్టాండు బయట ఒకతను గంపలో కోడిపిల్లలు పెట్టుకుని అమ్ముతున్నాడు. ఆకుపచ్చ, గులాబి రంగులు పూసినవి. అన్నీ కీచుకీచుమని అరుస్తుంటే ఒకటి మాత్రం మెడ పైకి చాచి నోరు తెరుస్తోంది, మూస్తోంది. నాకు తెలియకుండానే వంగి, దాన్ని గుప్పిట్లోకి తీసుకుని చెవికి ఆనించుకున్నాను. "ఏంటమ్మా, ఫోనొచ్చిందా?" అని నవ్వాడతను. చెంపకు తగిలిన ఆ వెచ్చదనంతో నాకు సలోమమ్మ గుర్తొచ్చింది.

అరవయ్యో దశకం మొదట్లో వత్సవాయి బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అమ్మా నేనూ ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసి అప్పుడప్పుడే కోలుకుంటోంది. రోజూ గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. అందుకని ఒక పెట్టనూ దాని పిల్లలనూ తెచ్చుకున్నాను. మా దొడ్డి కంచెకు అవతల సలోమమ్మ ఇల్లు. యాభై ఏళ్ళ మనిషి, నాట్లకూ పత్తి తీతకూ కూలికి వెళ్ళేది. అక్షరం ముక్క రాదు. కానీ కోళ్ళకు ఏ జబ్బు చేసినా చుట్టుపక్కల వాళ్ళంతా ఆమె గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు.

మొదటిసారి నా పిల్లల్లో ఒకటి తల విదిలిస్తూ రొప్పుతుంటే ఆమెనే పిలిచాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తర్వాత ఎండకేసి తిప్పి నోరు తెరిచింది. "చూడండి పంతులమ్మగారూ, గొంతులో ఎర్రగా దారప్పోగులాగా లేదూ? పురుగండి. వానపాముల్ని తిన్న పిల్లలకి వస్తది." ఒక సన్నటి ఈకను కొసన మాత్రం కుచ్చు మిగిల్చి దూసి, నూనెలో ముంచింది. ఊపిరి గొట్టంలోకి పోనిచ్చి ఒక్కసారి మెలితిప్పి లాగింది. ఈక చివర రెండు ఎర్రటి పురుగులు వచ్చాయి. పిల్ల తుమ్మి, సాయంత్రానికల్లా నూకలు ఏరుకు తింటోంది. చదువుకున్నదాన్ని కదా, ఒక్కసారి చూడగానే నాకూ వైద్యం వచ్చేసిందనుకున్నాను.

మరుసటి వానాకాలం మా పెట్ట పొదిగితే పదకొండు పిల్లలు లేచాయి. వాటికి చెక్కపెట్టె చేయించి, దగ్గరి పట్నం నుంచి వేరుశనగ పొట్టు తెప్పించి మెత్తగా పరిచాను. పది రోజులకు అవి నోళ్ళు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. సలోమమ్మను పిలవడం ఎందుకని నేనే ఈక దూశాను. మొదటి పిల్ల నా చేతిలోనే చచ్చిపోయింది. ఈకకు పురుగేమీ అంటుకోలేదు. రెండు రోజుల్లో మరో నాలుగు పోయాయి. ఎదురింటావిడ వచ్చి చూసి, "ఇది కొక్కెర తెగులమ్మా, ఆ సలోమమ్మ కోళ్ళు అంటించి ఉంటాయి" అంది. నా చేతిలో చచ్చిన పిల్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ మాట పట్టుకుని తిన్నగా సలోమమ్మ నీళ్ళు తోడుతున్న బావి దగ్గరికి వెళ్ళాను. నలుగురి ముందూ ఆమెను పట్టుకుని, "నీ కోళ్ళే తెచ్చాయి ఈ తెగులు. ఇక మా దొడ్లో అడుగు పెట్టకు" అన్నాను. ఆమె బిందె నడుముకెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కంచె అవతల నుంచి పిలుపు వినిపించింది. సలోమమ్మ. కొడవలి చేతబట్టుకుని కూలికి బయలుదేరి ఉంది.

"నన్ను రానియ్యకపోతే మానె పంతులమ్మగారూ. ఒక పిల్లని ఈ కంచె మీదుగా అందియ్యండి. విని పోతాను."

ఒకదాన్ని తెచ్చి అందించాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "కొక్కెరైతే గొంతు గురగురమంటది. పురుగైతే తల విదిలిస్తది. ఇది చప్పుడే లేకుండా రొప్పుతంది. ఏదో పడనిది పీల్చినట్టుందండి. ఇవి పడుకునేదెక్కడ?"

నేనే కంచె తలుపు తీశాను. ఆమె పెట్టెలో చెయ్యి పెట్టి పైపొట్టును తొలగించింది. అడుగున తడిసి వేడెక్కి, తెల్లగా, పచ్చగా బూజు పట్టి ఉంది. కదిలించగానే పొగలా లేచింది. ఆమె చటుక్కున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అమ్మ కూర్చున్న అరుగు వైపు తిరిగింది. "ముందు అమ్మగారిని లోపలికి పంపండి. ఈ దుమ్ము ఆమె రొమ్ముకి మంచిది కాదు."

నిన్న నేనన్న మాటలు ఆమెకు గుర్తున్నాయో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె ఆ రోజు కూలి మానుకుంది. ఇద్దరం పొట్టంతా దూరంగా తీసుకెళ్ళి పూడ్చేశాం. పెట్టెను సలసల కాగే నీళ్ళతో కడిగి ఎండబెట్టాం. గాలి ఆడేలా ఒక పక్క చెక్క ఊడదీసి, పొడి ఇసుక పరిచాం. జబ్బువాటిని వేరే గంపలో ఉంచాం.

"మందేమీ వెయ్యవా?" అన్నాను.

"దీనికి నాకు తెలిసిన మందు లేదండి. మంచి గాలే."

"మిగిలినవి బతుకుతాయా?"

"నాకు తెలవదండి. తెలిసినట్టు చెప్తే మీరు ఆశపెట్టుకుంటారు."

ఆ ఆరింటిలో రెండు పోయాయి. నాలుగు నిలిచాయి. వాటిలో మూడు పెట్టలై అమ్మకు గుడ్లు పెట్టాయి.

అవి కోలుకున్నాక ఒక రోజు బావి దగ్గర, అదే నలుగురి ముందు, "తప్పు నాది. ఒక పిల్లను నా చేతులారా చంపుకుని మిమ్మల్ని అన్నాను" అన్నాను. అప్పటిదాకా ఆమెను 'నువ్వు' అనేదాన్ని. ఆమె చేద వదిలేసి నవ్వింది. "ఈ మీరేంటండీ కొత్తగా! ఈక పెట్టేటప్పుడు చెయ్యి వణికిందా? నాక్కూడా మొదట్లో రెండు పోయినయి."

ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలు అడిగినదానికి జవాబు రానప్పుడు గద్దించి కూర్చోబెట్టే అలవాటు నాకూ ఉండేది. ఆ వానాకాలం తర్వాత మానుకున్నాను. "నాకు తెలియదమ్మా, రేపు చూసి చెబుతాను" అనేదాన్ని. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని వెనక వరస పిల్ల ఒకతె చెయ్యి ఎత్తి, "నాక్కూడా తెలియదండి" అంది. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి నేర్చుకున్నాం.