బలపాల డబ్బాలో నువ్వుల పుల్లలు

నా చిన్నప్పుడు, బలపాలు తింటున్నానని నన్ను కొట్టనిది, తిట్టనిది మా వీధిలో పక్కింటి పెద్దమ్మ ఒక్కతే. మిగతావాళ్లందరి మీదా నాకింకా కోపమే. అరవై దాటినా తగ్గలేదు.

మాది మార్కాపురం. మా అమ్మ పలకల కార్ఖానాలో చట్రాలు బిగించేది. నేను రాసుకుంటానని విరిగిన బలపాలు కొంగున కట్టుకుని తెచ్చేది. నేను రాసేదాన్ని కాదు, కొరికేదాన్ని. మా ఊళ్లో పిల్లలకు అంతకంటే సులువుగా దొరికేది ఇంకేముంది! అమ్మ వాటికి కారం పూసి చూసింది. నాయన దుకాణం నుంచి పంచదార చిలకలు తెచ్చి లంచం పెట్టాడు. చిలకలూ తిన్నాను, వాటి వెనకే బలపమూ తిన్నాను. పైగా ఆ దుకాణదారుడు "ఇంకో పొట్లం తీసుకపో అన్నా, మానుతాది" అని సలహా కూడానూ! పిల్ల పళ్లు ఏమైపోతే వాడికేం?

చివరికి బడిలో పంతులుగారు నన్ను ముందు నిలబెట్టి, తెల్లగా ఉన్న నా నాలుకను క్లాసంతటికీ చూపించారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ అలవాటు మానేదాకా బడికి రావద్దని పంపేశారు. ఏడేళ్ల పిల్లకు అదేం శిక్షండీ! చదువంటే నాకు ప్రాణం. పలక చంకన పెట్టుకుని అరుగు మీద కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చాను.

మర్నాడు నా బలపాల డబ్బా తెరిస్తే లోపల నల్లటి పుల్లలున్నాయి. అచ్చం బలపాలంత పొడుగు, అంతే లావు. గుప్పున నువ్వుల వాసన. రాత్రి పక్కింట్లోంచి వచ్చిన వాసనే అది, అంటే పెద్దమ్మ పనే. ఆమె కూలికి పోయేది. తన ఇంట్లో ఉన్న గుప్పెడు సజ్జలు వేయించి తిరగట్లో విసిరి, నువ్వులూ బెల్లమూ వేసి రోట్లో దంచి, అరచేత్తో సన్నగా రుద్ది నీడన ఆరబెట్టిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఈమె కూడా నన్ను ఎగతాళి చేస్తోందని ఒళ్లు మండిపోయింది. డబ్బా తీసుకెళ్లి ఆమె వాకిట్లో గుమ్మరించాను.

 పెద్దమ్మ వంగి ఒక్కొక్కటే ఏరి, మట్టి ఊది, ఒకటి తన నోట్లో వేసుకుంది.

"నీ ఈడులో నేను గోడమన్ను తిన్నా బిడ్డా. వాతలు పెట్టినారు గానీ, నీకు ఏమైతాది అని ఒక్కరన్నా అడిగినారా? నేను అడుగుతున్నా, చెప్పు."

చెప్పాను. అమ్మ కార్ఖానాకు పోయిందగ్గర్నుంచి సాయంత్రం దాకా కడుపులో ఏదో లాగుతుందని, బలపం కొరికితే కాసేపు ఊరుకుంటుందని.

"దాన్ని ఆకలంటారే పిచ్చిదానా," అని నన్ను దగ్గరికి లాక్కుంది. నా అరచేతిలో ముద్ద పెట్టి పుల్లలు చెయ్యడం నేర్పింది. బలపం మీదికి మనసు పోయినప్పుడల్లా ఒక పుల్ల నమిలాను. కొన్నాళ్లకు పెద్దమ్మే ఒకపూట కూలి మానుకుని నన్ను బడికి తీసుకెళ్లింది. "ఇప్పుడు చూడండి సారూ దీని నాలుక," అని పంతులుగారి ముందు నిలబెట్టింది. ఆయన చూసి, తలుపు దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నారు.

మొన్న మా మనవడు మంచం కింద చాక్లెట్ కాగితాలు దాచాడని మా కోడలు చెయ్యెత్తింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. "ముందు వాణ్ని అడుగమ్మా," అన్నాను గట్టిగానే. బస్సు తొందరలో పొద్దున టిఫిన్ సగం వదిలేస్తాడట. మధ్యాహ్నం గంట కొట్టేదాకా కడుపు లాగుతుందట, అందుకే జేబులో చాక్లెట్లు పెట్టుకుపోతాడట.

ఆ సాయంత్రమే మిక్సీలో నువ్వులూ బెల్లమూ తిప్పి వాడి అరచేతిలో ముద్ద పెట్టాను. వాడు చేసిన పుల్లలు వంకరటింకరగా వచ్చాయి. వాడు మాత్రం ఒకటి నములుతూ, ఇంకోటి రుద్దుతూ కూర్చున్నాడు.

పిల్లల నోట్లోంచి ఏదైనా లాక్కునేముందు వాళ్ల కడుపు సంగతి అడగాలని నాకు నేర్పింది పెద్దమ్మ. అడగని పెద్దవాళ్ల మీద ఇన్నేళ్లుగా నా కోపం చల్లారలేదు. కానీ వాడు సగం వదిలేసిన ఇడ్లీ పళ్లేన్ని రోజూ తీసి కడుగుతున్నది నేనే. మొన్నటిదాకా నేనూ అడగలేదు.